రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారని అడుగుదాం

మన మండల సమావేశాలు ఎలా జరుగుతాయో అందరికీ తెలిసిందే. కాలువ నీళ్లు శివారుకు రాలేదని ఒకరు, ధాన్యం డబ్బులు పడలేదని ఒకరు, యూరియా కోసం లైన్లో నిలబడ్డామని మరొకరు మాట్లాడుతుంటారు. మధ్యలో వెనక వరసలో కూర్చున్న పెద్దాయన నెమ్మదిగా లేచి బయటికి వెళ్లొస్తాడు. అరగంట తిరక్కుండా మళ్లీ లేస్తాడు. కుర్రాళ్లు ముసిముసిగా నవ్వుకుంటారు. ఆయన కూడా నవ్వేసి, షుగరో ఏమోనని ఒక మాట అనేసి కూర్చుంటాడు. ఆ సంగతి అక్కడితో ముగిసిపోతుంది. ధర గురించి, నీటి గురించి గొంతెత్తి మాట్లాడే మనం ఈ ఒక్క విషయం దగ్గర నోరు మూసుకుంటున్నాం. దానికి రైతు కుటుంబాలు కడుతున్న మూల్యం చిన్నది కాదు.

రేపల్లె దిగువన శివారు భూములు కౌలుకు చేసే ఒక రైతు సంగతి నాకు దగ్గరగా తెలుసు. అరవై ఆరేళ్ల మనిషి. రెండేళ్లుగా రాత్రిపూట నాలుగైదుసార్లు లేస్తున్నాడు. మూత్రం ధార సన్నబడింది. ఇంటావిడకు తప్ప ఎవరికీ తెలియదు. వయసు మీద పడిందిలే అనుకున్నాడు. పదేపదే వెళ్లాల్సి వస్తోందని పొలంలో మంచినీళ్లు తాగడం తగ్గించాడు. సార్వా నాట్ల రోజుల్లో వానలకు జలుబు చేస్తే మందుల షాపులో బిళ్లలు తెచ్చి వేసుకున్నాడు. ఆ రాత్రే మూత్రం పూర్తిగా బిగిసిపోయింది. తెల్లవార్లూ మెలికలు తిరిగాడు. పొద్దున్నే ఆటోలో తెనాలి తీసుకొస్తే పైపు వేసి లీటరుకు పైగా తీశారు. రక్తపరీక్ష చేస్తే కిడ్నీల మీద కూడా భారం పడిందని తేలింది. మూడు వారాలు సంచి తగిలించుకుని తిరిగాడు. ఈలోగా నారు ముదిరిపోయింది. కూలీలు వేరే పొలాలకు వెళ్లిపోయారు. ఆస్పత్రికి తెచ్చిన అప్పు కౌలు అప్పు మీద కూర్చుంది. వరి ఆకు పసుపుబారితే అదే రోజు నలుగురినీ అడిగే రైతు, తన ఒంటికి పట్టిన తెగులు గురించి రెండేళ్లు ఎవరినీ అడగలేదు.

మొదట్లోనే అడిగి ఉంటే చాలామందికి రోజుకొక బిళ్లతో సర్దుకునే జబ్బు అది. ప్రొస్టేట్ గ్రంథి వాపు అంటారు. కొందరు పౌరుష గ్రంథి అని కూడా అంటారు.

ఇది రైతు సంఘం పనేనా?

గిట్టుబాటు ధర, పంటల బీమా, కౌలు కార్డులు చూసుకోవడమే తలకు మించిన పని, ఇది డాక్టర్ల సంగతి కదా అనే మిత్రులుంటారు. ఒకసారి పొలాల్లోకి వెళ్లి చూడండి. 1977 నవంబరు ఉప్పెన నాటికి పాతికేళ్ల కుర్రాళ్లుగా ఉండి, శవాలు తీసి, ఇసుక మేటలు ఎత్తి మళ్లీ సేద్యం నిలబెట్టినవాళ్లు ఇప్పుడు డెబ్బై దాటారు. వాళ్లలో ఓపిక ఉన్నవారు ఇంకా గట్ల మీదే ఉన్నారు. పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉన్నారు. తెనాలి చుట్టుపక్కల మాగాణుల్లో మినుము చల్లినా, కొల్లిపర, కొల్లూరు లంకల్లో అరటి నాటినా, బాపట్ల ఇసుక నేలల్లో వేరుశనగ వేసినా, నిర్ణయం తీసుకునేదీ, నీళ్లు కట్టేదీ చాలా ఇళ్లలో యాభై అయిదు దాటిన మగవాడే. సరిగ్గా ఆ వయసులోనే ఈ జబ్బు మొదలవుతుంది. ఆ మనిషి మంచం పడితే ఆ ఏడాది పంట పడినట్టే.

ఇంకొక కారణం కూడా ఉంది. మన ఊళ్లలో ఇంటింటికీ వచ్చి ఆరోగ్యం గురించి అడిగే ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం ఇద్దరూ ఆడవాళ్లే. బీపీ చూపించుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. మూత్రం సంగతి మాత్రం కూతురి వయసున్న అమ్మాయి అడిగితే ఏ పెద్దాయన చెబుతాడు? బాగానే ఉందమ్మా అంటాడు. ఆమె రిజిస్టరులో అదే రాసుకుని వెళ్తుంది. మగవాళ్లు మగవాళ్లతో కూర్చుని మనసు విప్పి మాట్లాడుకునే చోట్లు ఊళ్లో తక్కువ. వాటిలో రైతు సంఘం ఒకటి. అందుకే ఈ మాట మనమే ఎత్తాలి.

తూము దగ్గర అడ్డం

ప్రొస్టేట్ అనేది మగవాళ్లకు మాత్రమే ఉండే గ్రంథి. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. పడుచు వయసులో పెద్ద ఉసిరికాయంత, దాదాపు 20 గ్రాములు ఉంటుంది. వీర్యంలో కలిసే ద్రవాన్ని తయారు చేయడం దాని పని. నలభై దాటాక అది నెమ్మదిగా పెరగడం మొదలుపెడుతుంది. అరవై ఏళ్లు వచ్చేసరికి సుమారు సగం మందిలో, ఎనభై దాటాక పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందిలో ఈ పెరుగుదల కనిపిస్తుంది. పెరిగిన ప్రతివారికీ ఇబ్బంది ఉండదు. కొందరికి మాత్రం లోపలి నాళాన్ని నొక్కేస్తుంది.

డెల్టా రైతుకు దీన్ని వివరించడం సులువు. మూత్రాశయాన్ని చెరువు అనుకోండి, నాళాన్ని తూము అనుకోండి. తూము చుట్టూ మట్టి పేరుకుంటే ధార సన్నబడుతుంది. ఎంత వదిలినా చెరువులో కొంత నీరు నిలిచే ఉంటుంది. అందుకే వెళ్లొచ్చిన పావుగంటకే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. నిలిచిన నీరు పాచిపట్టినట్టే నిలిచిన మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, రాళ్లు ఏర్పడతాయి. రొంపేరు డ్రెయిన్ పూడిపోయినప్పుడు నీళ్లు వెనక్కి తన్ని ఎగువ పొలాలను ముంచడం చూశాం కదా. మూత్రం కూడా అలాగే వెనక్కి తన్ని కిడ్నీలను ముంచుతుంది. ఇదంతా నొప్పి లేకుండా నెలల తరబడి జరగొచ్చు. కాళ్లు వాచి, అన్నం సయించక ఆస్పత్రికి వెళ్లేసరికి కిడ్నీలు సగం పాడైపోయిన సందర్భాలూ ఉంటాయి.

రాత్రి లేవడం కూడా పైకి కనిపించేంత తేలిక విషయం కాదు. అయిదుసార్లు లేచే మనిషికి నిద్ర ఉండదు. నిద్రలేని మనిషి మర్నాడు ట్రాక్టరు నడుపుతాడు, పవర్ స్ప్రేయర్ మోస్తాడు. మరుగుదొడ్డి ఇంటికి దూరంగా ఉంటే చీకట్లో వాకిలి దాటి వెళ్లాలి. జారిపడి తుంటి విరిగేదీ, కట్లపాము కాటు పడేదీ అలాంటి రాత్రుల్లోనే.

సిగ్గు ఒకవైపు, అమ్మకాలు మరోవైపు

ఈ జబ్బు చుట్టూ అపోహలు చాలా ఉన్నాయి. కుర్రతనంలో చేసిన తప్పుల వల్ల వస్తుందంటారు. అది నిజం కాదు. వయసు, వృషణాల నుంచి వచ్చే హార్మోన్లు దీనికి మూలం. మగతనం పోయిందనడానికి ఇది గుర్తు అనుకుంటారు. అదీ నిజం కాదు. వరిబీజం ఇదీ ఒకటేననుకుంటారు. అది వృషణాల చుట్టూ నీరు చేరడం, ఇది లోపలి గ్రంథి పెరగడం. అన్నిటికంటే పెద్ద భయం, ఈ వాపే ముదిరి క్యాన్సర్ అవుతుందని. వాపు క్యాన్సర్‌గా మారదు. అయితే రెండూ ఒకే వయసులో, ఒకే గ్రంథికి రావచ్చు. అందుకే పరీక్ష అవసరం.

మనిషి సిగ్గుతో దాచుకున్నచోట వ్యాపారం పుట్టుకొస్తుంది. ఫోన్లలో, టీవీల్లో పొడులు, లేహ్యాలు, నెల కోర్సులు అమ్ముతున్నారు. సా పాల్మెటో అనే తాటి జాతి మొక్క కాయల సారాన్ని ప్రపంచమంతా ఈ జబ్బుకు అమ్ముతారు. అమెరికాలో దాన్ని గట్టిగా పరీక్షించి 2006లో, 2011లో ఫలితాలు ప్రకటించారు. మందులేని ఉత్తుత్తి బిళ్లకంటే అది మెరుగ్గా ఏమీ పనిచేయలేదు. ప్రొస్టేట్‌కు మంచిదని విటమిన్-ఇ బిళ్లలు మింగినవారి సంగతి ఇంకా పాఠం. దాదాపు 35 వేల మంది మీద చేసిన పరీక్షలో, ఆ బిళ్లలు వేసుకున్నవారిలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో తేలింది. నకిలీ విత్తనం, కల్తీ పురుగుమందు మీద కేసులు పెట్టించిన సంఘం మనది. ఒంటికి అమ్మే సరుకు విషయంలోనూ అంతే జాగ్రత్త ఉండాలి.

పనిచేసే మందులు ఉన్నాయి. టామ్సులోసిన్ బిళ్ల తూము దగ్గర బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది. కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. గ్రంథి బాగా పెద్దదైతే ఫినాస్టిరైడ్ లాంటి మందు దాన్ని నెమ్మదిగా తగ్గిస్తుంది. దానికి ఆరు నెలల ఓపిక కావాలి. వీటిని డాక్టరు చూసి రాయాలి. టామ్సులోసిన్ వేసుకునేవారు మంచం మీదనుంచి గభాలున లేస్తే కళ్లు తిరగొచ్చు. ముఖ్యంగా ఒక మాట గుర్తుపెట్టుకోండి: ఈ మందు వాడుతున్నవారు, ఎప్పుడో వాడి మానేసినవారు కూడా, కంటి శుక్లాల ఆపరేషన్‌కు వెళ్తే కంటి డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి. లేకపోతే ఆపరేషన్‌లో ఇబ్బంది వస్తుంది. ఉచిత కంటి శిబిరాలకు వెళ్లే మన పెద్దలకు ఈ హెచ్చరిక చేరాలి. మందులకు లొంగకపోతే, మాటిమాటికీ మూత్రం బిగిస్తుంటే, కిడ్నీల మీద ప్రభావం కనిపిస్తే ఆపరేషన్ చేస్తారు. పొట్ట కోయకుండా మూత్రమార్గం గుండానే అడ్డాన్ని తొలిచే పద్ధతి ఏనాటినుంచో ఉంది.

క్యాన్సర్, పురుగుమందులు

ప్రొస్టేట్ వాపుకు పురుగుమందులే కారణమని చెప్పడానికి ఆధారం లేదు. క్యాన్సర్ విషయం వేరు. అమెరికాలోని అయోవా, నార్త్ కరొలినా రాష్ట్రాల్లో రైతులు, వారి జీవిత భాగస్వాములు, మందులు కొట్టేవాళ్లు కలిపి దాదాపు 89 వేల మందిని 1993 నుంచి గమనిస్తూ వస్తున్నారు. అక్కడి రైతుల్లో మొత్తం మీద క్యాన్సర్లు తక్కువే అయినా ప్రొస్టేట్ క్యాన్సర్ మాత్రం ఎక్కువగా కనిపించింది. మలాథియాన్, టెర్బుఫాస్ లాంటి మందులు ఎక్కువగా వాడినవారిలో తీవ్రమైన రకానికి సంబంధం ఉన్నట్టు 2013లో వెల్లడైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో మలాథియాన్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల్లో చేర్చింది. ప్రొస్టేట్ విషయంలో మనుషుల్లో దొరికిన ఆధారం పరిమితమేనని కూడా చెప్పింది.

ఆధారం పరిమితమైతే రైతు నోరు మూసుకోవాలా? ఫ్రాన్స్ రైతులు మూసుకోలేదు. ఫ్రాన్స్ పాలనలోని కరీబియన్ దీవులు గ్వాడెలూప్, మార్టినిక్‌లలో అరటి తోటల్లో పెంకు పురుగుకు 1993 దాకా క్లోర్డెకోన్ అనే మందు వాడారు. అది నేలలో, నీటిలో నిలిచిపోయింది. అక్కడి మగవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్‌తో దానికి సంబంధం ఉందని పరిశోధకులు చెప్పారు. ఏళ్ల తరబడి పోరాటం జరిగింది. చివరికి 2021 డిసెంబరులో ఫ్రాన్స్ ప్రభుత్వం, పురుగుమందులతో పనిచేసిన రైతులకు, కూలీలకు వచ్చే ప్రొస్టేట్ క్యాన్సర్‌ను వృత్తి వల్ల వచ్చే జబ్బుగా గుర్తించింది. పరిహారం హక్కయింది. మన లంకల్లో కూడా అరటి ఉంది, మందులు ఉన్నాయి. వట్టి చేతులతో మందు కలిపే రైతు ఉన్నాడు. ఎవరు ఏ మందు ఎన్నేళ్లు కొట్టారన్న లెక్క మాత్రం లేదు.

క్యాన్సర్ మొదట్లో ఏ బాధా పెట్టదు. నడుము ఎముకల్లోకి పాకాక తగ్గని నొప్పిగా బయటపడుతుంది. మనవాళ్లు దాన్ని నాట్లకు వంగిన నొప్పి అనుకుని సూదిమందులు వేయించుకుంటారు. పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష అనుమానాన్ని ముందే పట్టిస్తుంది. యాభై దాటినవారు, తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ వచ్చిన వారైతే నలభై అయిదు నుంచే, ఈ పరీక్ష గురించి డాక్టరుతో మాట్లాడాలి. అంకె పెరిగినంత మాత్రాన క్యాన్సర్ అని బెంబేలు పడక్కర్లేదు. వాపున్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా, ఈమధ్యే పైపు వేసినా అది పెరుగుతుంది. ఫినాస్టిరైడ్ వాడేవారిలో ఆ అంకె సగానికి పడిపోతుంది కాబట్టి ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

మనం చేయాల్సింది

ప్రపంచమంతటా డాక్టర్లు ఈ జబ్బును అంచనా వేయడానికి ఏడు ప్రశ్నలు అడుగుతారు. వెళ్లొచ్చాక ఇంకా మిగిలినట్టు ఉంటోందా? రెండు గంటల్లోపే మళ్లీ వెళ్తున్నారా? ధార ఆగి ఆగి వస్తోందా? ఆపుకోవడం కష్టమవుతోందా? ధార సన్నబడిందా? ముక్కాల్సి వస్తోందా? రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు? ప్రతి ప్రశ్నకూ సున్నా నుంచి అయిదు దాకా మార్కులు. మొత్తం ఏడు దాటితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇరవై దాటితే ఆలస్యం చేయకూడదు. మూత్రంలో రక్తం కనిపిస్తే మార్కులతో పనిలేదు, వెంటనే వెళ్లాలి. మూత్రం బిగిసి పొట్ట ఉబ్బితే తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయాలి. షుగరు ఉన్నా మాటిమాటికీ మూత్రం వస్తుంది కాబట్టి ఆ పరీక్ష కూడా చేయించుకోవాలి.

ఇంట్లో చేసుకోదగినవి కొన్ని ఉన్నాయి. పగలు నీళ్లు తగ్గించొద్దు. ఎండలో పనిచేసే ఒంటికి నీళ్లు తగ్గితే రాళ్లొస్తాయి. పడుకునే ముందు రెండు గంటలు మాత్రం తగ్గించండి. సాయంత్రం దాటాక టీ, మందు మానండి. మలబద్ధకం లేకుండా చూసుకోండి. ఒకసారి పోసుకున్నాక రెండు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించండి. జలుబు బిళ్ల కొనేముందు, ప్రొస్టేట్ ఇబ్బంది ఉందని మందుల షాపులో చెప్పండి. వాటిలో కొన్ని మూత్రాన్ని బిగించేస్తాయి.

వైద్యానికి గుంటూరు పెద్దాస్పత్రిలో, మంగళగిరి ఎయిమ్స్‌లో యూరాలజీ విభాగాలున్నాయి. ఆపరేషన్ అన్నప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ కింద వర్తిస్తుందా, ఏ ఆస్పత్రిలో వర్తిస్తుందో ముందుగా ఆరోగ్యమిత్రను అడగండి. డెబ్బై ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం అందించే పథకాన్ని కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. అర్హులైన సభ్యులకు ఆ కార్డులు ఇప్పించడం మన శాఖల పని కావాలి. టామ్సులోసిన్ జన ఔషధి షాపుల్లో చౌకగా దొరుకుతుంది. దాన్ని అడిగి కొనాలి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది

ఊళ్లలో జరిగే ప్రభుత్వ స్క్రీనింగులో మూడు క్యాన్సర్లు చూస్తున్నారు: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. మంచిదే. ఆడవాళ్ల ఆరోగ్యానికి పెట్టే ఖర్చులో పైసా తగ్గించమని మనం అనం. యాభై దాటిన మగవాళ్లను ఆ ఏడు ప్రశ్నలు అడగడానికి ఒక పేజీ అదనంగా చేర్చమంటున్నాం, అడగడానికి మగ ఆరోగ్య కార్యకర్తను పంపమంటున్నాం. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టామ్సులోసిన్ ఎప్పుడూ నిల్వ ఉండాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రభుత్వాస్పత్రుల్లో వారానికి ఒక రోజైనా యూరాలజిస్టు ఓపీ కచ్చితంగా నడవాలి. రేపల్లె నుంచి తెనాలికి సుమారు 34 కిలోమీటర్లు. మూత్రం ఆపుకోలేని మనిషికి ఆ ప్రయాణమే ఒక శిక్ష. అక్కడినుంచి గుంటూరు ఇంకొక ప్రయాణం. పురుగుమందులు కొట్టే రైతులకు, కూలీలకు ఏటా ఆరోగ్య పరీక్ష చేసి, వాడిన మందుల వివరాలతో నమోదు పుస్తకం పెట్టాలి. రేపు పరిహారం అడగాలంటే ఆ లెక్కే ఆధారం.

ఇవన్నీ రేపటికి రావు. మన చేతిలో ఉన్న పని ఒకటుంది. వచ్చే నెల గ్రామ శాఖ సమావేశంలో కాలువ సంగతి, ధాన్యం సంగతి అయ్యాక ఒక్క పావుగంట దీనికి ఇవ్వండి. కార్యదర్శి ముందుగా తన సంగతి తాను చెబితే మిగతావాళ్ల నోళ్లు తెరుచుకుంటాయి. నేనూ చెబుతాను: నాకు యాభై తొమ్మిది, రాత్రి మూడుసార్లు లేస్తున్నాను, ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టాకే డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఇన్నాళ్లూ ఎందుకు ఆగానో నా దగ్గర సమాధానం లేదు. వెనక వరసలో లేచి బయటికి వెళ్లే పెద్దాయన తిరిగొచ్చాక ఈసారి నవ్వకండి. పక్కన కూర్చుని, బాబాయ్, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు అని అడగండి.